బర్రెకొట్టంలో ఇంగ్లీషు బల్ల

నవ్వుతరా? నవ్వండి. డిప్టీ ఇన్స్‌పెక్టర్ సాబే కండ్లల్ల నీళ్ళు తిరిగేదాక నవ్విండు, ఇగ మీరెంత! కాని నన్ను మొదటినుంచి చెప్పనియ్యండి. లక్సెట్టిపేట బస్సు ఎక్కినోడల్లా ఈ కథను ఒక్కో తీరుగ చెప్తుండట. ఒకడైతే మా బర్రె సాబును పొడిచిందన్నడు. శుద్ధ అబద్ధం. పొడవలే. వీపు రుద్దుకున్నది, అంతే.

సంగతేమిటంటే, మా ఊరి బడి ఐదో తరగతితో ఆఖరు. ఆరుకు పోవాల్నంటే లక్సెట్టిపేటకు నడవాలె. నడుమ వాగు. వానకాలం ఆ వాగొస్తే పెద్దోళ్ళే ఇవతల నిలబడిపోతరు. మొగపిల్లలు చుట్టాల ఇండ్లల్ల ఉండి ఎట్లనో చదువుకుంటరు. ఆడపిల్లల చదువు మాత్రం ఐదుతోనే అయిపోతది. మా బిడ్డ శకుంతల ఆ యేడు ఐదులో ఉన్నది. దానికి ఒక్కసారి పాఠం చెప్తే చాలు, రెండోసారి అదే నాకు చెప్తది. "నాయినా, వచ్చే యేడు నేను యాడ చదవాలె?" అని అడిగేది. ఊరందరికి జవాబులు చెప్పే పంతులును, ఇంట్లో దానికొక్కదానికి చెప్పలేకపోయేటోన్ని. అందుకే పైకి అర్జీల మీద అర్జీలు పెట్టిన.

ఆఖరుకు ఒక కాగితం వచ్చింది. మీ ఊరికి ఆరో తరగతి ఈయవచ్చు. కాని ఆరులో ఇంగ్లీషు మొదలైతది. ఇంగ్లీషు చెప్పగలిగే పంతులు మీ బడిలో ఉన్నడా? ఉన్నట్టయితే డిప్టీ ఇన్స్‌పెక్టరు వచ్చి స్వయంగా చూస్తడు. లేనట్టయితే ఆ తరగతి వేరే ఊరికి పోతది.

నేను ఒక్క నిమిషం ఆలోచించలే. "ఉన్నడు" అని రాసి పంపిన.

ఎవరా ఉన్నది అంటే, నేనే!

మీరూ పంతుళ్ళే, మీకు దాచేదేమున్నది? నేను నిజాం కాలంలో చదివినోన్ని. చదువంతా ఉర్దూలో నడిచింది. ఇంగ్లీషు మాస్టరు వారానికి రెండు రోజులు వచ్చేటోడు. అందులో ఒక రోజు ఆయనకు జ్వరం. అట్ల నేర్చిన ఇంగ్లీషు నాది. అక్షరాలు మాత్రం ముత్యాల్లెక్క రాస్త. వాటి అర్థాలే జర కష్టం.

సాబు ఎప్పుడొస్తడో, ఏమడుగుతడో అని పరేషాన్‌లో ఉండంగనే ఒకసారి బెల్లంపల్లికి పోవాల్సి వచ్చింది. మా తోడల్లుడు మల్లయ్య అక్కడ బొగ్గుబాయి ఇంజినీరు దొర బంగళాలో వంట చేస్తడు. దొర ఇంగ్లండువాడు. కొలువు చాలించుకొని వాళ్ళ దేశం పోతుండు. సామాను కట్టుడుకు సాయం రమ్మని మల్లయ్య కబురు పెట్టిండు.

ఆ ఇల్లు చూసి నా మతి పోయింది! పెద్ద మేడ అనుకునేరు, కాదు. బాగా కిందికి దిగిన పెంకుల కప్పు. కిటికీ కింద గోడతోపాటే కట్టిన అరుగు, దాని మీద చేతినేత దుప్పటి. సుత్తె దెబ్బలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు కనబడే రాగి దీపం. తలుపులకు ఆకుల తీరుగ సాగగొట్టిన ఇనుప మడతబందులు. ఇల్లు ఒక పాట అయితే, అందులోని సామానంతా అదే రాగంలో ఉన్నట్టు! అన్నిటికన్న నన్ను నిలబెట్టేసింది ఒక బల్ల. ముగ్గురు కూసోవచ్చు. వీపు ఎత్తు, చేతులు వెడల్పు. ఎక్కడా ఇనుప మేకు లేదు. ఒక కట్టె చివర ఇంకో కట్టెలో దూరి, అవతలికి రెండు వేళ్ళంత బయటకు వచ్చి, దానికి అడ్డంగ ఒక చెక్క సీల. రంగు చూస్తే ముదురు చింతపండు!

"ఇదేంది మల్లయ్యా, అతుకులు దాచనే లేదు?" అన్న.

"దొర దాయనియ్యడన్నా! ‘జోడ్ ఛుపానా నై, దిఖానా’ అంటడు. అతుకును దాచొద్దట, చూపియ్యాల్నట. మిషన్ల మీద ఒక్క తీరుగ దిగే సామానంటే ఆయనకు మంట. చేసినోడి చెయ్యి కనబడాలె అంటడు. వాళ్ళ దేశంల గిట్ల పట్టుబట్టి ఇండ్లు కట్టుకున్నోళ్ళు మస్తు మంది ఉన్నరట. గా తీరుకో పేరున్నది గని, నా నోరు తిరగది."

నేను ఆ బల్లను వదలకుండ చూస్తుంటే దొర చూసిండు. పోతూ పోతూ ఒక పుస్తకం నా చేతిలో పెట్టిండు. అట్లాంటి ఇండ్లు, బల్లలు, అల్మారాలు, వాటిని చేసే తీరు, అన్నీ బొమ్మలతోని ఉన్నయి. మొత్తం ఇంగ్లీషు.

బస్సులో వస్తుంటే నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మా బడిలో ఉన్నది ఒకటే కుర్చీ. దానికి మూడు కాళ్ళు, నాలుగోది ఇటుకలు. ఈ పుస్తకం చూసి అలాంటి బల్ల ఒకటి చేయించి, సాబును దాని మీద కూసోబెట్టి, పక్కన పుస్తకం పెట్టి, "ఇది చదివి చేయించిన సాబ్" అంటే? ఇంగ్లీషు వచ్చు అనేదానికి ఇంకేం రుజువు కావాలె!

మా ఊరి వడ్రంగి వడ్ల నర్సయ్య దగ్గరికి పోయిన. టేకు మాట ఎత్తంగనే, "అడవి జంగలాతోళ్ళతోని నాకు కొట్లాట పెట్టకు సారు" అన్నడు. బండ్లకు, నాగండ్లకు వాడే తుమ్మ కట్టె ఆయన దగ్గర ఎండి ఉన్నది. సరే, తుమ్మే. బొమ్మ చూపించిన. ఆయన పుస్తకాన్ని తిప్పి తిప్పి చూసి మొఖం ముడిచిండు.

"సారు, అతుకు కనబడకుండ చేసుడు మా అయ్య నేర్పిన పని. మీరేమో బయటికి పొడుచుకరావాలె అంటున్నరు. ఊరోళ్ళు చూసి నర్సయ్యకు కొలత తప్పింది అనరా?"

నాకు కథ చెప్పకుండ ఉండుడు చేతకాదు. "నర్సయ్యా, ఒక రాజు దగ్గర ఇద్దరు వడ్ల పనోళ్ళు ఉండేటోళ్ళు. ఒకడు అతుకులన్నీ లక్కతోని పూడ్చి నున్నగ చేసిండు. ఇంకొకడు ఉన్నదున్నట్టు వదిలిండు. రాజు మొదటివాని సింహాసనం మీద కూసోంగనే..."

"గా రాజు ఎవ్వడు సారు?"

"కథలోని రాజు నర్సయ్యా."

"గందుకే ఊకున్నడు. మన ఊరోళ్ళు ఊకోరు."

ఇట్ల కాదని, వాకిట్లో సగం చేసి పెట్టిన బండి చక్రం చూపించిన. "మరి గా ఆకులు చక్రంల దూరిన కాడ ఎందుకు దాస్తలేవు?"

"బండికి దాస్తరా సారు? బండికి దాస్తే..." అని నర్సయ్య ఆగిండు. చక్రం దిక్కు చూసిండు, బొమ్మ దిక్కు చూసిండు. "ఓరి! గిది బండి పనే గదా? గా దేశపోళ్ళు బండి పనిని ఇంట్లకు తెచ్చుకున్నరా!" అన్నడు. ఇగ ఆయనను ఆపేటోడు లేడు.

ఐదో తరగతి పిల్లలకు నెల రోజులు లెక్కల పాఠం ఆ బల్లే. పుస్తకంలోని అడుగులు, అంగుళాలను నర్సయ్యకు తెలిసిన జానలు, బెత్తెలు చేసి పలకల మీద రాసుకపోయేటోళ్ళు. వీపు పలక మీద పుస్తకంలో ఏదో సీమ పువ్వు చెక్కి ఉన్నది. శకుంతల ఒప్పుకోలే. "గీ పువ్వు ఎవ్వలు చూసిండ్రు నాయినా? ఇప్పపువ్వు చెక్కియ్యుండ్రి" అన్నది. తానే గీసిచ్చింది. నర్సయ్య చెక్కిండు. బల్ల ఎంత ముద్దుగ వచ్చిందంటే, నర్సయ్య పెండ్లాం వచ్చి దాని మీద కూసోని దిగనంటే దిగనన్నది!

ఒక్కటే లోపం. రంగు. పుస్తకంలో చింతపండు, మాది పచ్చి గులాబి. ఆఖరి పేజీ తీసిన. మెరుగు పెట్టేముందు చేయవలసింది ఒక వాక్యంలో ఉన్నది: "లెట్ ఇట్ స్టాండ్ టిల్ ఇట్ ఈజ్ స్టేబుల్."

లెట్ తెలుసు. స్టాండ్ తెలుసు, రోజూ పిల్లలకు చెప్పేదే. టిల్ అంటే వరకు. మరి స్టేబుల్? నా నిఘంటువు తీసిన. అందులో సగానికి సగం చెదలు తిన్నది. కాని ఆ మాట దేవుని దయవల్ల మిగిలింది. స్టేబుల్: గుర్రపు కొట్టము. దాని కిందనే చెదలు తిన్న బొక్క.

అంటే ఏమైంది? బల్లను కొట్టంలో నిలబెట్టవలె!

"మనకు గుర్రం లేదు గద సారు?" అన్నడు నర్సయ్య.

"బర్రె ఉన్నది గద."

"గా దొరలు కూసునే బల్లలను కొట్టంల కట్టేస్తరా?"

"ఇంగ్లీషు చదువు అంటే ఊరికనేనా నర్సయ్యా? మనకు తెలియని మర్మాలు అందులో మస్తుంటయి."

నన్ను కన్న మా బాపు అయితే ఒంటికాలి మీద లేచిండు. "మనుషులు కూసునే బల్లను బర్రె పక్కన పెడ్తవా? నీ చదువు మన్నువడ! గంగి యాడ పండాలెరా?" గంగి అంటే మా బర్రె. మా ఇంట్లో నాకన్న దానికి మర్యాద ఎక్కువ. ఎట్లనో ఒప్పించి ఇరవై ఒక్క రోజులు బల్లను కొట్టంలో పెట్టిన. తలుపు మూసిన. నా పెండ్లాం మాత్రం పాలు పిండి వచ్చినప్పుడల్లా, "మీ ఇంగ్లీషు గంగి బాగనే నేర్చుకుంటున్నది" అని ఒక్క మాట అని పోయేది.

ఇరవై ఒకటో నాడు తలుపు తీసి చూసిన. ఏం చెప్పాలె! రంగు తిరిగింది! పచ్చి గులాబి పోయి ముదురు చింతపండు వచ్చింది. అచ్చం దొర బంగళాలోని రంగు! నర్సయ్య దండం పెట్టిండు, బల్లకో నాకో తెలియలే. బాపు కూడ వచ్చి ఒకసారి తడిమి చూసిండు. నాలుగు బిందెల నీళ్ళు పోసి కడిగి, ఎండబెట్టి, తేనెమైనం, అవిసెనూనె కలిపి రుద్దినం. ముక్కు దగ్గర పెట్టి చూస్తే మైనం వాసనే. ఫికర్ లేదు అనుకున్న.

తెల్లారి సాబు వచ్చిండు. నడీడు మనిషి, ఇస్త్రీ బట్టలు, మెరిసే బూట్లు. బడి ఒకటే గది, లోపల ఉడకపోత. అందుకే వరండాలో బల్ల వేయించిన. పిల్లలను ఎదురుంగ కూసోబెట్టిన. సాబు బల్లను చూసి "వాహ్!" అన్నడు. ఇప్పపువ్వు మీద చేయి పెట్టి చూసిండు. కూసున్నడు. నా ఛాతి రెండు అంగుళాలు పెరిగింది.

మధ్యాహ్నపు ఎండ వరండాలోకి వచ్చింది. కట్టె వేడెక్కింది.

కట్టెలో దాగినదంతా లేచింది!

సాబు ముక్కు ఒకసారి ఎగబీల్చిండు. కుడి బూటు ఎత్తి అడుగు చూసుకున్నడు. ఏం లేదు. ఎడమ బూటు ఎత్తి చూసుకున్నడు. అదీ శుభ్రం. సాబు చూసుకుంటుండని ఐదో తరగతి మొత్తం కాళ్ళెత్తి అరికాళ్ళు చూసుకున్నరు. సాబు నా చెప్పుల దిక్కు అనుమానంగ చూసిండు. నేనూ ఒకటి ఎత్తి చూపించిన, ఏం చేస్త!

"సరే పంతులుగారు," అని రుమాలు ముక్కుకు పెట్టుకొని, "మీ ఇంగ్లీషు పాఠం కానియ్యండి" అన్నడు.

నేను పుస్తకం చేతిలోకి తీసుకొని గొంతు సవరించుకున్ననో లేదో, పిల్లలు ఒక్కసారే గొల్లుమన్నరు. తిరిగి చూస్తే గంగి! బాపు దాన్ని వాగుకు తోలుకపోతుంటే బడి ముందట దానికి తన ఇంటి వాసన తగిలినట్టున్నది. తాడు తెంపుకొని నేరుగ వరండా ఎక్కింది. మూడు వారాలు అది రోజూ వీపు గోకించుకున్న బల్ల! సాబు కూసున్నడా లేదా అన్నది దానికి పట్టలే. వెనుకకు పోయి, వీపు పలకకు తన వీపు ఆనించి, కండ్లు మూసుకొని రుద్దుడు మొదలుపెట్టింది. సాబు రెండు చేతులతో బల్ల చేతులను గట్టిగ పట్టుకొని, "ఎవరిది? ఇది ఎవరిది?" అని ఒకటే కేక.

"మాదే సాబ్! ఏమనది సాబ్! దానికి అలవాటు!" అన్న.

"అలవాటా? బడిలనా?"

శకుంతల లేచి గంగి చెవి పట్టుకొని, "నడువ్, సిగ్గు లేదా? సాబు కూసున్నడు కనబడ్తలేదా?" అని ఈడ్చుకపోయింది. బాపు దూరం నుంచే, "నేను అప్పుడే చెప్పిన!" అని అరిచిండు.

ఇగ చెప్పక తప్పలే. పుస్తకం తెరిచి ఆ వాక్యం చదివిన. అర్థం చెప్పిన. కొట్టం సంగతి చెప్పిన. నిఘంటువు తెచ్చి గుర్రపు కొట్టము అన్న మాట మీద వేలు పెట్టి చూపించిన. సాబు ఆ మాటను చూసిండు, దాని కింద చెదలు తిన్న బొక్కను చూసిండు. బొక్కలోనుంచి నా దిక్కు చూసిండు. ఆ తర్వాత మొదలైంది నవ్వు! రుమాలు ముక్కు మీది నుంచి కండ్ల మీదికి పోయింది.

"పంతులుగారూ, చెదలు తిన్నది అసలు అర్థాన్ని! స్టేబుల్ అంటే ఇక్కడ కొట్టం కాదు. కదలకుండ గట్టిగ నిలిచేది అని. ఇప్పుడు మీ బర్రె అంత రుద్దినా ఈ బల్ల ఇసుమంత కదిలిందా? అదీ స్టేబుల్ అంటే!"

పిల్లలందరు ఒక్క గొంతుతో "స్టేబుల్!" అన్నరు. నిజం చెప్పాల్నంటే మా బడిలో అదే మొదటి ఇంగ్లీషు పాఠం. చెప్పింది సాబు, చూపించింది గంగి.

సాబు పుస్తకం పేజీలు తిప్పిండు. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయిండు. "అరే! రంగు కోసం కట్టెను ఘాటైన ఆవిరిలో మూసి పెట్టుడు వాళ్ళు నిజంగనే చేస్తరట. బర్రె మూత్రంతోని కొట్టం గాలిలో ఉన్నదీ అదే ఘాటు, తుమ్మ కట్టెకు అది పట్టింది. ఇక్కడ రెండు పేజీలు రాసి ఉన్నది. చదవలేదా?"

"ఆ పేజీలల్ల బొమ్మ లేదు సాబ్."

ఈసారి సాబు నవ్వలే. పుస్తకం మూసి మెల్లగ, "అయితే పంతులుగారు, మీకు ఇంగ్లీషు రాదు" అన్నడు.

గంగిని కట్టేసి అప్పుడే వచ్చిన శకుంతల గుంజను పట్టుకొని నన్నే చూస్తున్నది. నా నాలుక మీదికి ఇంకో అబద్ధం వచ్చింది. దాని కండ్లు చూసి మింగిన.

"రాదు సాబ్. వస్తదని రాసుడు నా తప్పు. ఆ తప్పుకు నన్నేమన్న చేయండి, కాని తరగతిని తీసుకపోకండి. వాగు దాటి పోలేని పిల్లలు పన్నెండు మంది ఉన్నరు."

సాబు నర్సయ్యను పిలిపించి అతుకులు అడిగిండు. నర్సయ్య, "బండి పనే సాబ్, జర ఇంట్లకొచ్చింది" అన్నడు. పిల్లలను కొలతలు అడిగిండు. ఒక్కరు తప్పలే. ఇప్పపువ్వు ఎవరు గీసిండ్రని అడిగి, శకుంతల పేరు కాగితం మీద రాసుకున్నడు. పోయేటప్పుడు బూట్లు మరోసారి చూసుకొని జీపెక్కిండు. అవునన్లే, కాదన్లే.

ఇంటికొస్తే నా పెండ్లాం అన్నం పెట్టుకుంట, "పోనీయుండ్రి, కనీసం గంగి అన్న పాసైంది" అన్నది. శకుంతల పోయి గంగి దగ్గర కూసున్నది.

బడులు తెరిచే వారం ముందు కాగితం వచ్చింది. నేను విప్పకముందే శకుంతల గుంజుకొని విప్పి చదివింది. ఆరో తరగతి మంజూరు! ఇంగ్లీషుకు వేరే పంతులును పంపుతున్నరు. నాకు చేతిపనుల పీరియడు, వారానికి ఒక రోజు నర్సయ్య వచ్చి పని చూపియ్యాలె. కింద సాబు తన చేతిరాతతో కారణం రాసిండు: "ఈ గ్రామానికి ఇంగ్లీషు బోధన ఎంత అత్యవసరమో నేను స్వయంగా చూసి తెలుసుకున్నాను."

చూసిండ్రా? మీరంతా మీ మీ యోగ్యత చూపి తరగతులు తెచ్చుకున్నరు. నేను నా అయోగ్యత చూపి తెచ్చిన!

ఇప్పుడు ఇంగ్లీషు పీరియడులో ఆరో తరగతి వెనుక వరుసలో నేనూ కూసుంటున్న. కొత్త పంతులు పసివాడు, మంచివాడు, కాని మార్కుల కాడ కఠినం. మొన్నటి పరీక్షలో శకుంతలకు డెబ్బై ఒకటి, నాకు ముప్పై ఎనిమిది. కార్డు మీద తండ్రి సంతకం పెట్టించుకొని రమ్మన్నడు, అందరినీ. శకుంతల కార్డు మీద నేను పెట్టిన. నా కార్డు తీసుకొని బాపు దగ్గరికి పోయిన. బాపుకు వేలిముద్రనే గద. బొటనవేలికి సిరా పూసుకొని, నన్ను కింది నుంచి మీదిదాక చూసి, "ముప్పై ఎనిమిదా? వచ్చేసారి బిడ్డ పక్కన కూసోని జర దాన్ని చూసి రాయిరా" అన్నడు.